తడి ఇనుము ఏడాది

బావగారి మొదటి దెబ్బ బల్ల మీదున్న కాగితాల మీద పడింది. రెండోది ఆడిటర్ మూతి మీద పడింది. కళ్లజోడు ఎగిరి ఇనుప బీరువాకి కొట్టుకుని కింద పడితే, బావగారు దాన్ని బూటుకాలితో తొక్కి మరీ వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈగని తోలినవాడిలా చొక్కా చేతులు సర్దుకున్నాడు.

చిన్నకోడలు కదల్లేదు. ఆ ఇంట్లో దెబ్బ పడేటప్పుడు కదలకూడదని ఆమె ఎప్పుడో నేర్చుకుంది. కదిలితే తర్వాతి దెబ్బ కదిలినవాళ్లకే. కిందటి వారం తలుపు తీయడం ఆలస్యమైందని చెంప మీద కొడితే ఆ చెవిలో జోరీగ ఇంకా తిరుగుతూనే ఉంది. తన మీద పడ్డవన్నీ ఆమె దిగమింగుకుంది. కానీ మొన్న ఆమె కూతుర్ని జడ పట్టుకుని మెట్ల మీద ఈడ్చాడు. పిల్ల మోకాళ్లు రెండూ చీరుకుపోయాయి. ఆ సాయంత్రం దూది పెట్టి తుడుస్తూ నిర్ణయించుకుంది: వాటా అమ్మేసి, ఆ డబ్బుతో దూరంగా ఎక్కడో ఒక ఇల్లు కొనుక్కుని, పిల్లని తీసుకుని పోవాలి. ఇంకో దెబ్బ పడకముందే పోవాలి.

కార్ఖానా మేడ మీది ఆఫీసు గదికి ఆడిటర్ వచ్చింది అందుకే. ఓడల లంగర్లకీ క్రేన్లకీ గొలుసులు చేసే ఆ కార్ఖానాలో వాటాలు ఇద్దరివే. సగం బావగారిది. మిగతా సగం ఆయన తమ్ముడిది, అతను పోయాక అతని భార్యది, అంటే చిన్నకోడలిది. కట్టినవాడు మామగారు. కొడుకుల గుణం తెలిసినవాడు కాబట్టి పోయే ముందే షరతులు రాసిపెట్టాడు. ఒకరు అమ్మితే రెండోవాళ్లే కొనాలి. ధర మాత్రం ఒక్క ఏడాది లాభం చూసి కట్టకూడదు. పదేళ్ల లాభనష్టాలు తీసుకోవాలి, ఒక్కో ఏడాది అంకెనీ ఇవాళ్టి ధరల్లోకి మార్చాలి, అన్నీ కలిపి సగటు తీయాలి. ఆ సగటుకి పన్నెండు రెట్లు కంపెనీ విలువ. ఇనుము వ్యాపారం ఉయ్యాల లాంటిదని ముసలాయన అనేవాడు. అది పైకెళ్లినప్పుడు చూసి కొన్నవాడూ, కిందికొచ్చినప్పుడు చూసి అమ్మినవాడూ ఇద్దరూ మునుగుతారనేవాడు.

ఇవాళ్టి ధరల్లోకి మార్చడమంటే బ్రహ్మవిద్యేం కాదు. పదేళ్ల కిందట వందకి వచ్చిన బొగ్గుకి ఇప్పుడు రెండొందలు పెట్టాలి. కాబట్టి అప్పటి వంద లాభం ఇప్పటి రెండొందల లాభం కిందే లెక్క. అప్పటి వంద నష్టం కూడా అంతే. ఈ రెండో మాట బావగారికి భలే నచ్చింది. మొదటిదే గొంతు దిగలేదు.

"నష్టాన్ని మార్చు, సరే. పాత లాభాలు ఎలా ఉన్నవి అలా వదిలెయ్" అన్నాడు ఆడిటర్‌తో.

"అలా కుదరదు సార్. కొనేటప్పుడో తూకం, అమ్మేటప్పుడో తూకమా?" అన్నాడు ఆడిటర్. కళ్లజోడు పగిలింది ఆ మాటకే.

ఆడిటర్ బక్కమనిషి. గట్టిగా గాలేస్తే గోడ పట్టుకునే రకం. కానీ మొండివాడు రాజు కన్నా బలవంతుడని ఊరికే అన్నారా? జేబురుమాలు మూతికి అదుముకుని, నెత్తురు మింగి, కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నాడు.

"చంపినా ఇంతే సార్. పెంచితే పదేళ్లూ పెంచాలి. మానితే పదేళ్లకీ మానాలి. మీ నాన్నగారు రాసింది పెంచమనే."

బావగారు పళ్లు కొరుక్కున్నాడు. ఆ షరతుల మీద ఆయన సంతకం కూడా ఉంది మరి.

చిన్నకోడలు కాగితం తన వైపు తిప్పుకుంది. పది వరసలు. తొమ్మిదింట్లో లాభాలు, చిన్నవీ పెద్దవీ. ఒక్క వరసలో మాత్రం నష్టం. ఆ ఒక్కటీ మిగతా వాటిలో ఏడాదిన్నర లాభాన్ని మింగేసి కూర్చుంది. అది ఏ ఏడాదో ఆమెకి అంకె చూడక్కర్లేదు. కార్ఖానాలో దాన్ని తడి ఇనుము ఏడాది అంటారు.

కరిగిన ఇనుములో తడి తుక్కు ఇనుము వేయకూడదని కొలిమి దగ్గర చేరిన మొదటిరోజే చెప్తారు. నీళ్లు ఒక్కసారిగా ఆవిరైపోయి కొలిమి పేలిపోతుంది. ఆ రోజు వానలో తడిసిన తుక్కు వచ్చింది. కొలిమి చూసేవాడు ఆమె భర్త. అతనికి భోజనం తీసుకొచ్చి ఆమె గడప దగ్గరే నిలబడి ఉంది.

"ఆరలేదన్నయ్యా. రేపు వేద్దాం" అన్నాడు ఆమె భర్త.

"ఓడ రేపటిదాకా ఆగుతుందా, నీ బోడి భయాలకి?" అంటూ బావగారు పనివాళ్లందరి ముందూ తమ్ముడి చెంప పగలగొట్టాడు. తమ్ముడు ఇంకెవర్నీ పంపలేదు. చెంప ఎర్రగా ఉండగానే ట్రాలీ తనే తోసుకుంటూ వెళ్లాడు. అతనితో కలిపి ఆరుగురు పోయారు. విచారణకి వచ్చినవాళ్లు ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయారు. పనివాళ్లు మాత్రం బావగారికి ఆ రోజు నుంచే పేరు మార్చేశారు. చాటున ఆయన పేరు 'తడి ఇనుము'. మొహం మీదే అలా పిలిచిన ఒకడికి రెండు పళ్లు ఊడాయి. పేరు మాత్రం ఊడలేదు.

"ఈ నష్టంలో ఏమేం ఉన్నాయి?" అని అడిగింది ఆమె.

"కొలిమి మళ్లీ కట్టిన ఖర్చు, పని ఆగిపోయిన నెలలు, పోయినవాళ్ల కుటుంబాలకి ఇచ్చిన పరిహారం."

"నాకిచ్చింది కూడానా?"

ఆడిటర్ తల దించుకున్నాడు. "ఉందమ్మా."

"అంటే మా ఆయన పోయినందుకు నాకిచ్చిన డబ్బు రెట్టింపు చేసి, నా వాటా ధరలోంచే కోశారా? మొగుణ్ణి పోగొట్టుకున్నందుకు జరిమానా నేనే కట్టాలా?"

"మీ ఒక్కరి వాటాలోంచి కాదమ్మా, సగటులోంచి..."

మాట పూర్తి కాలేదు. ఆమె చేతికందిన గాజుగ్లాసు విసిరేసింది. అది ఆడిటర్ చెవి పక్కన గోడకి తగిలి భళ్లున పగిలింది. పాపం, ఆ మనిషికి ఆ పూట అన్ని వైపుల నుంచీ వడ్డనే. బావగారు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విన్నాక ఆమెకి తన చెయ్యి చూసుకోవాలంటేనే అసహ్యం వేసింది. ఈ ఇంటి చెయ్యి నాకూ వచ్చేసిందా అనుకుంది.

"తప్పయిపోయింది ఆడిటర్ గారూ" అంది. "ఆ ఏడాది తీసెయ్యండి. బతిమాలుతున్నాను."

"నేను తీయలేనమ్మా. కలిసొచ్చిన ఏళ్లు ఉంచుకుని, కాలిపోయిన ఏడాది తీసేస్తే ఇంక సగటెందుకు? ఓడరేవులు కడుతున్నారని రెండేళ్లుగా లాభం ఉబ్బింది. దాన్ని ఉంచాను. ఇదీ ఉండాలి." రుమాలు మడత మార్చుకుని ఆగాడు. చెప్పాలా వద్దా అన్నట్టు నసిగి, చివరికి చెప్పాడు. "ఒక్క దారి ఉంది. నష్టం వ్యాపారం వల్ల కాక ఒక మనిషి చేసిన నేరం వల్ల వస్తే, ఆ ఏడాది తీసి, దాని బదులు ఈ పదేళ్లకి ముందున్న మంచి ఏడాది కలపొచ్చని మీ మామగారు రాశారు. ఆ మనిషెవరో రాసి, వాటాదారులిద్దరూ సంతకం పెట్టాలి. అప్పుడు ధర మూడో వంతు పెరుగుతుంది."

కింద సుత్తులు మోగుతూనే ఉన్నాయి. బావగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఎన్నడూ లేనిది గొంతు మెత్తబడింది.

"రాద్దాం అమ్మాయ్. నేను సంతకం పెడతా. మూడో వంతు ఎక్కువే ఇస్తా, నాకేం బాధ లేదు. కొలిమి చూసేవాడు తమ్ముడు కదా. నేను వద్దన్నా వినకుండా తడి తుక్కు వేశాడని రాయి. పోయినవాడికి పోయేదేముంది? కాగితం గేటుకి అంటిస్తా. నీకు ఇల్లొస్తుంది. ఈ కుక్కల నోళ్లు మూతపడతాయి."

అబద్ధం ఎందుకు, ఆమెకి ఆశ పుట్టింది. మూడో వంతంటే పిల్లకి వేరే గది. పెరట్లో కాస్త ఖాళీ. పిల్ల చదువు అయ్యేదాకా ఎవరి గుమ్మమూ తొక్కక్కర్లేకుండా బతుకు. చచ్చినవాడు వచ్చి అడుగుతాడా? బతికున్నప్పుడే ఎవర్నీ ఏమీ అడగని మనిషి. ఆమె కలం అందుకుంది. ఆడిటర్ కిటికీ వైపు తిరిగాడు.

"రాయి. 'నా భర్త' అని మొదలెట్టు" అన్నాడు బావగారు.

'నా భర్త' అని రాసింది. అక్కడ ఆగింది. ట్రాలీ తోస్తూ ఒక్కసారి గడప వైపు తిరిగిన మొహం కళ్లముందుకొచ్చింది. ఆ చెంప మీద వేళ్ల అచ్చులు అయిదూ లెక్కపెట్టేలా ఉన్నాయి. కలం మళ్లీ కదిలింది. 'ఆరలేదన్నయ్యా, రేపు వేద్దాం అన్నాడు. అన్నందుకు ఆయన అన్న కొట్టి లోపలికి పంపాడు.'

బావగారు ఒంగి చదివాడు. ఇనుప బల్ల సొరుగు లాగి, కలం పట్టుకున్న ఆమె చేతిని అందులోకి తోసి, మోకాలితో సొరుగు మూశాడు. వేళ్లు విరిగిన చప్పుడు ఆమె నోట అరుపు రాకముందే వినిపించింది. ఆడిటర్ వెనక నుంచి వచ్చి ఆయన మెడ పట్టుకున్నాడు. బావగారు మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే వెళ్లి బీరువా పక్కన పడ్డాడు.

"కొట్టేస్తావా లేదా ఆ ముక్క? కొట్టెయ్! నా మీద రాస్తావా?" అంటూ బావగారు మళ్లీ మోకాలు ఎత్తాడు.

ఆమె ఎడమచెయ్యి బల్లంతా తడిమింది. నమూనాకి పెట్టిన లంగరు గొలుసు కడియం దొరికింది. ఒక్క కడియమే, కానీ ఒక్క చేత్తో ఎత్తడమే కష్టమైనంత బరువు. ఎలా ఎత్తిందో ఆమెకే తెలియదు. అది బావగారి దవడ మీద పడింది. దవడ పక్కకి జరిగింది, చెంప చీలి లోపలి పళ్లు కనిపించాయి. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె మళ్లీ ఎత్తింది. తల నడినెత్తి సరిగ్గా చేతి కిందే ఉంది. కొట్టాలనిపించింది. కూతురికి ఇంకెవరూ లేరన్న ఒక్క ఆలోచన ఆ చేతిని పక్కకి లాగింది, కడియం నేల మీద పడి గచ్చు పగిలింది.

సుత్తులు ఆగిపోయాయి. మెట్ల మీద అడుగులు, తలుపు నిండా పనివాళ్లు. అందరికన్నా ముందు కొలిమి తాత ఉన్నాడు. ఆ రోజు ఒక చెవి, సగం మొహం కాలినా బతికి బయటపడ్డవాడు. అందరూ ఆమె చేతిని చూశారు, సొరుగులోంచి కారుతున్న నెత్తురు చూశారు. బల్ల మీది కాగితం కూడా చూశారు. నేల మీదున్న యజమానిని లేపడానికి ఒక్కడూ ముందుకు రాలేదు.

"తీసెయ్... ఆ ఏడాది తీసెయ్..." బావగారు చెంప పట్టుకుని నత్తిగా అరిచాడు. "ఎంతైనా ఇస్తా... రెట్టింపు ఇస్తా... వాడి పేరు రాయమను."

ఆడిటర్ బీరువా పట్టుకుని లేచాడు. కళ్లజోడు లేని కళ్లు చికిలించి ఆమె వైపు చూశాడు. "ఏం చేయమంటారమ్మా?"

"ఉంచండి" అంది ఆమె. నొప్పికి మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. "ఆ ఏడాది ఉంచండి ఆడిటర్ గారూ. ఇందాక బుద్ధి లేక తీయమన్నాను. ఆరుగురు పోయారు. తీసేస్తే వాళ్లెక్కడ పోయినట్టు? నష్టం ఎంతో అంతా ఉంచండి. పెంచాల్సింది పెంచే ఉంచండి. అదే ధరకి అమ్ముతాను."

ఇందాక బావగారు నెత్తురు కళ్లజూసింది ఆ ధర తగ్గించడానికే. ఇప్పుడదే తక్కువ ధర కాగితం మీద చూసి, వద్దు వద్దంటూ తల అడ్డంగా ఊపుతున్నాడు. కొలిమి తాత ఆయన పక్కన గొంతుక్కూర్చుని చేతిలో కలం పెట్టాడు.

"పెట్టండి బాబూ సంతకం. కొలిమిలో ఇనుము కరిగి ఉంది, దాని దగ్గర ఎవరూ లేరు. మీరు పెట్టేదాకా ఎవరూ వెళ్లరు. గడ్డకట్టిందంటే కొలిమే పోతుంది, మీకు తెలియనిదేముంది."

తలుపు దగ్గర ఒక్కడు కూడా కదల్లేదు. బావగారు వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. సంతకం పెట్టాడు. ఆమె ఎడమచేత్తో వంకరటింకరగా పెట్టింది. ఆడిటర్ దాని మీద ఒలికిన నెత్తురుని తన రుమాలుతోనే అద్దాడు.

ఆ డబ్బుకి ఇల్లు దొరికింది. ఒకటే గది, వెనక వంటకి చిన్న వసారా. కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ ఒంగలేదు. సామాను సర్దడమంతా కూతురే చేసింది. పెట్టెలు పేర్చాక నడుం వాల్చడానికి చోటు లేక, ఇద్దరూ గోడకి ఆనుకుని కూర్చున్నారు.

"ఆయన చెప్పినట్టు రాసుంటే పెద్ద ఇల్లొచ్చేదా అమ్మా?"

"వచ్చేది."

"ఎంత పెద్దది?"

తల్లి కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూతురి మొహంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత ఆ మొహాన్ని నిదానంగా, ఏ బెదురూ లేకుండా చూసింది.

"మీ నాన్నకి చోటు లేనంత పెద్దది" అంది.