ఇనపచెయ్యి

లాండ్రీలో ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూడాలంటే మిగతావాళ్ళు నీళ్ళు చిలకరిస్తారు. అతను మాత్రం రెండు వేళ్ళు ఆనించి "ఇంకాస్త కాలాలి" అంటాడు. ఈమధ్య ఆ వేళ్ళు చురుక్కుమనడం కూడా మానేశాయి. యజమాని అతనికి ఇనపచెయ్యి అని పేరు పెట్టి, వచ్చినవాళ్ళకి పిలిచి మరీ చూపించేవాడు. అతనూ పొంగిపోయేవాడు. ఇంట్లో భార్య మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటే "నీకు ఓర్పు లేదే" అని ఉపన్యాసాలు దంచేవాడు.

భార్య పోరు పడలేక ఆస్పత్రికి వెళితే, డాక్టరు ఆ వేళ్ళని సూదితో పొడిచి చూసి పెదవి విరిచాడు.

"ఇది ఓర్పు కాదు, షుగర్. నరాలు దెబ్బతిన్నాయి. చెయ్యి కాలుతోందన్న కబురు మెదడుకి చేరడం లేదు."

"వీళ్ళకి అన్నీ జబ్బుల్లాగే కనిపిస్తాయి" అని అతను కొట్టిపారేశాడు.

ఆదివారం కూతురు తన పసిపిల్లని స్నానానికి ఎత్తుకొచ్చింది.

"నీళ్ళు సరిపోయాయా నాన్నా?"

అతను టబ్బులో చెయ్యి పెట్టి కలుపుతున్నాడు. "గోరువెచ్చగా ఉన్నాయి, దింపు. వేడి సంగతి నాకు చెప్తావా?"

తండ్రి మాట నమ్మి కూతురు దింపింది. పాదాలు తగిలాయో లేదో పిల్ల కెవ్వుమంది. చటుక్కున పైకి లాక్కునేసరికే అవి ఎర్రగా కందిపోయాయి.

భార్య పరుగెత్తుకొచ్చి టబ్బులో వేలు పెట్టి, అదిరిపడి వెనక్కి తీసుకుంది. అతని చెయ్యి ఇంకా ఆ నీళ్ళలోనే ఉంది.

"అనండి," అంది ఆవిడ. "దీనికి కూడా ఓర్పు లేదని అనండి."