ఇంకోటి మాస్టారు

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, విమానాశ్రయంలో దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. అందరికీ ఇంకోటి మాస్టారే. ఎక్స్‌రే తెర మీద సంచులు చూసి కత్తులూ గిత్తులూ పసిగట్టడం కొత్తవాళ్ళకి నేర్పేవారు. శిక్షణ పెట్టెలో ఓ కత్తెర దాచి, అది పట్టేశామని వాళ్ళు మురిసిపోతుంటే వెనకనుంచి నింపాదిగా "ఇంకోటి?" అనేవారు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది.

తొందరమ్మకి మరీను. ఆ పేరూ ఆయన తగిలించిందే. ఇరవై రెండేళ్ళ కిందట పరీక్షలో ఆమె కత్తెర కనబడగానే బటన్ నొక్కేసింది. పెట్టెని లాక్కెళ్ళే పిడి ఊచ పక్కన నిలువుగా దూర్చిన కత్తి, లోహమంతా నీలంగా కనబడే ఆ తెర మీద ఊచలోనే కలిసిపోయి నీలం గీతలా ఉంటే చూడనే లేదు. ఉద్యోగం రానట్టేనని గోడవైపు తిరిగి ఏడ్చింది. మాస్టారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఒకటి దొరకగానే కళ్ళు పనైపోయిందనుకుంటాయమ్మా. కాలేదని వాటికి నువ్వే చెప్పాలి."

మర్నాడు పట్టుబట్టి మళ్ళీ పరీక్ష పెట్టించారు. ఆ ఇరుకు గది, పాత యంత్రం గురక, ఆయన జేబులోని పెప్పర్మెంట్ వాసన... ఎంత బాగుండేవో ఆ రోజులు. అప్పుడు తిట్టుకుందనుకోండి, అది వేరే సంగతి.

ఇవాళ పొద్దున ఆయనే ఆమె వరసలో కనబడ్డారు, కూతురి చెయ్యి పట్టుకుని. రిటైరై తొమ్మిదేళ్ళు. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారట. "ఏం తొందరమ్మా," అంటూ చేతిపెట్టె బెల్టు మీద పెట్టారు.

తెర మీద బట్టలు నారింజరంగులో తేలాయి. పైనే కత్తెర. ముసలాయన కళ్ళలో పాత కొంటెతనం. తొందరమ్మకి నవ్వాగలేదు. వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఊచ వెంబడి చూసుకుంటూ వెళ్ళింది. పక్కనే ఇంకో నీలం గీత ఉంది, ఊచలా చివరిదాకా పోకుండా జానెడుకే ఆగిపోయింది.

పక్కవాణ్ణి తెర ముందు కూర్చోబెట్టి లేచింది. పెట్టె తెరిచి కత్తెర చూపించింది.

"పట్టేశావే," అని మాస్టారు మురిసిపోయారు. ఇంకోటి అనలేదు. అంటారేమోనని ఆమె ఆయన ముఖంలోకి చూసింది. బట్టల అడుగునుంచి కూరగాయల కత్తి తీసింది.

"అది నాది కాదు," అన్నారాయన.

"మన వంటింటిదే నాన్నా. పది రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాం." కూతురు తొందరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఈమధ్య ఏదెక్కడ పెట్టారో గుర్తుండట్లేదండీ."

ఎంతమంది కళ్ళు దిద్దిన మనిషి! నలుగురిలో ఆ ముఖం వాడిపోతుంటే తొందరమ్మ తట్టుకోలేకపోయింది. కత్తి సంగతి రిజిస్టర్లో రాయక తప్పదు, రాసింది. రాసి, వరసంతా వినేలా అంది.

"మీరు దాచిన రెండోది కూడా పట్టాను మాస్టారూ. ఈసారి పాసా?"

ఆయన కత్తి వంకా ఆమె వంకా చూశారు. ఆమె అబద్ధం ఆయనకి దొరికిపోయింది. దాచింది పట్టడమే కదా ఆయన పని.

"పాసే," అన్నారు. తర్వాత కూతురికి వినబడకుండా దగ్గరికి వంగారు.

"ఇంకోటి ఉందేమో చూడమ్మా. నాకు తెలీదు."

ఆమె పెట్టెని మళ్ళీ బెల్టు మీద పెట్టి, తెర ముందు కూర్చుంది. ఈసారి ఏమాత్రం తొందరపడలేదు.