ఎస్తేరమ్మ ఇంట్లో సంచి

వానకోసం మొగులు వైపు చూసే ముదిగుబ్బలో పుట్టి, సముద్రంలో పెరిగే నాచు మీద జీతం తింటున్నాను. ఇది మా అవ్వ నాగక్కకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ నాచు బండలకు అంటుకుని ఉంటుంది. కోసుకు రావాలంటే నీళ్ళు బాగా వెనక్కి పోవాలి. అలా పోయేది అమావాస్యకో పున్నానికో. అమావాస్యనాడు ఊరు దాటే ఆడపిల్లకు బుర్ర లేదని అవ్వ సిద్ధాంతం.

నా ఎమ్మెస్సీ అయిన ఏడాది విశాఖ నుంచి ప్రొఫెసరుగారు ఫోన్ చేశారు. ఎల్లుండి తెల్లారేసరికి తీరంలో ఉంటే పరిశోధనకు తీసుకుంటానని, లేదంటే ఆ చోటు ఇంకొకరికని చెప్పారు. అంటే రేపే ధర్మవరంలో రైలెక్కాలి. రేపేమో అమావాస్య.

అవ్వ వాకిలికి అడ్డంగా మంచం వేసుకుని పడుకుంది.

"సముద్రం నీళ్ళు యాడికి పోతాయే? నా కండ్లతో చూస్తే గానీ నమ్మను," అంది.

గొర్రెలకు తప్ప ఎవరికీ ఎదురు చెప్పని మా నాయన సంజీవప్ప మెల్లగా దొడ్డిదారి పట్టాడు. నేను అన్నం మానేసి ఏడ్చాను. నా బతుకంతా ఆ రైల్లో వెళ్ళిపోతోందనిపించింది.

పొద్దు వాలేసరికి అవ్వే లేచింది. మనసు కరిగిందని చస్తే ఒప్పుకోదు. నా బట్టల సంచి చంకన పెట్టుకుని పక్కింటి ఎస్తేరమ్మ దగ్గరికి నడిచింది. అమావాస్య రాకముందే సంచి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే, తర్వాత మనిషి ఎప్పుడు పోయినా దోషం లేదు. మా పెద్దలు కనిపెట్టిన ఉపాయమిది. చర్చికి పోయే ఎస్తేరమ్మ నవ్వి, తమకు ఆదివారం తప్ప అమావాస్య తెలీదని, సంచికి ఏ భయమూ లేదని చెప్పింది.

అలా డాక్టరేటు వచ్చింది, విశాఖలోనే ఉద్యోగమూ వచ్చింది. సెలవుకు వచ్చి అమావాస్యకు తిరిగి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ అదే తంతు. సంచి పంపమని గుర్తు చేసేది మాత్రం అవ్వే.

మొన్న బయల్దేరేముందు సంచి తెచ్చుకుందామని ఎస్తేరమ్మ ఇంటికి వెళ్ళాను. నా సంచి పక్కన ఇంకొకటి ఉంది, ఆకువక్క వాసన వేస్తూ. అది ఎవరిదని అడిగితే ఎస్తేరమ్మ నవ్వు ఆపుకుంటూ వాకిలి వైపు చూపించింది.

అక్కడ అవ్వ కొత్త చెప్పులేసుకుని నిలబడి ఉంది.

"ఆ నీళ్ళు యాడికి పోతాయో నేను చూడొద్దా? పా, రైలు పోతాది."