వచ్చే ఏడు కాస్తాది

సైకిల్ చెయిన్ మళ్లీ ఊడింది. కోహ్కా ఊరు దాటాక ఇది మూడోసారి. గురునాథరావు దిగి చెయిన్ ఎక్కించి, మసిచేతుల్ని గడ్డికి తుడుచుకుంటూ ఉద్యానశాఖనీ, తోటల రైతుల్నీ కలిపి తిట్టుకున్నాడు. పొట్టిమనిషి, ఎండకు కమిలిన మెడ, జేబులో మొక్కలకు అంట్లు కట్టే అంటుకత్తి, భుజాన కాకీసంచీ. పదకొండేళ్లుగా ఆ శాఖలోనే ఫీల్డ్‌మన్. పరిశోధనాకేంద్రం చెప్పిన మాట ఒక్క రైతయినా ఒక్కసారికే విన్న పాపాన పోలేదు.

పొద్దుటినుంచి ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. డాక్టరు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి ఏడాదైంది. క్యాంప్ 2 కాలనీలో ఇంటినుంచి కదిలేటప్పుడు కూడా భార్య సూర్యావతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇయ్యేలైనా ఎల్దుం రండి. ఆ చీటీ సంచీలోనే చివికిపోతంది."

"జీడిపంట అవనీ. వచ్చే ఏడు తీరిగ్గా ఎల్దుం," అని పెడలు తొక్కేశాడు.

సైకిల్ యర్రయ్య తోట దగ్గర ఆగింది. ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ల దగ్గర ఇరవై ఏళ్లు మాడి రిటైరైన యర్రయ్య, పలాస నుంచి గింజలు తువ్వాల్లో మూటగట్టి తెచ్చి, ఈ ఎర్రమొరం నేలలో నలభై జీడిమామిడి చెట్లు పెంచాడు. నడిమి చెట్టు మొదట్లో బంక కారుతోంది, పొట్టు రాలుతోంది. కాండం తొలిచే పురుగు. దాన్ని నరికి తగలబెట్టకపోతే మిగతా ముప్పై తొమ్మిదీ పోతాయని గురునాథరావు రెండేళ్లుగా మొత్తుకుంటున్నాడు. గోడకి చెప్పినా ఈపాటికి వినేది.

"ఈసారి పక్కా బాబూ, నరికేత్తాను సూడు!" యర్రయ్య గొడ్డలి ఎత్తాడు.

హమ్మయ్య అనుకుని గురునాథరావు సంచీని ఆ చెట్టు కొమ్మకే తగిలించాడు. అంతలో యర్రయ్య భార్య వరమ్మ పరుగెత్తుకొచ్చి చెట్టుకు అడ్డం పడింది.

"నరక్కు, నరక్కు! వచ్చే ఏడు కాస్తాది, నాది పూచీ!"

గొడ్డలి బెరడును మూడుసార్లు ఊరికే తాకి కిందికి దిగిపోయింది. కాయని చెట్టును బెదిరించడం వాళ్ల తాతలనాటి ఆనవాయితీ. ఒకరు నరకబోవాలి, ఒకరు పూచీ పడాలి. చెట్టు భయపడి కాస్తుందట.

గురునాథరావుకు ఒళ్లు మండిపోయింది. "నిరుడూ ఇదే నాటకం! చెట్టు భయపడుద్ది సరే మావా, పురుగు భయపడుద్దా?"

మోకాళ్ల మీద కూర్చుని అంటుకత్తితో బెరడు చీల్చాడు. వేలెడు తెల్లపురుగు మెలికలు తిరుగుతూ బయటపడింది.

"నీ పూచీ దీనికి చెప్పు, వరమ్మత్తా!"

వరమ్మ నోరు నొక్కుకుంది. యర్రయ్య వంగి పురుగును పుల్లతో కదిపాడు. "లోపలింత ఉన్నాదని ఎవులికి తెల్సు బాబూ. పైకి పచ్చగానే ఉన్నాది గదా."

"అదే నా ఏడుపు." గురునాథరావు చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. "కాసిన్ని మంచినీళ్లియ్యత్తా."

ఆమె చెంబుతో తిరిగొచ్చేసరికి అతను ఆ చెట్టుకే ఆనుకుని, కాళ్లు చాపి, తల పక్కకు వాల్చి ఉన్నాడు. పాపం, అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకుని కాసేపు ఈగల్ని తోలింది. తర్వాత పిలిచింది. మళ్లీ పిలిచింది.

గురునాథరావు పెద్దకర్మ అయిన మర్నాడు యర్రయ్య చెట్టు దగ్గర గొడ్డలెత్తి, అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగాడు. వెనకే నిలబడ్డ వరమ్మ అడ్డం రాలేదు.

"కొట్టు," అంది ఏడుస్తూ.

సాయంత్రానికి కొమ్మా వేరూ బూడిదయ్యాయి. ఆ రోజు గొడవలో అందరూ మరిచిపోయిన కాకీసంచీని యర్రయ్య నరికేముందే దింపి పక్క చెట్టుకు తగిలించాడు. అందులో, పురుగుల మందుల కరపత్రాల అడుగున, మడత విప్పని ఆసుపత్రి చీటీ అలాగే ఉంది.