జడ్జిగారి చూపు

నేను చెప్పేది మా అమ్మాయికి అర్థమవుతోందా, లేక ఊరికే నా వైపు చూస్తోందా అన్న అనుమానం నాకు ఏళ్ళ తరబడి ఉంది. నిజం చెప్పాలంటే దేవుడి విషయంలోనూ నాది అదే అనుమానం. అయినా రోజూ పొద్దున్నే దండం పెట్టుకుని ఇద్దరితోనూ మాట్లాడుతూనే ఉన్నాను. ఇద్దరూ బదులు చెప్పరు. మా అమ్మాయి కనీసం నవ్వుతుంది, అదీ నేను మంచి భక్తిలో కళ్ళు మూసుకున్నప్పుడు.

తనది రెట్ సిండ్రోమ్ అనే నరాల జబ్బు. ఏడాదిన్నరప్పుడు, వచ్చీరాని నాలుగు మాటలూ, గిన్నె పట్టుకునే నేర్పూ వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఇప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు చేతులూ గుండెల దగ్గర పెట్టుకుని నులుముకుంటూ ఎదుటివాళ్ళను తేరిపార చూస్తుంది. తీర్పు ముందే రాసేసుకుని, మన వాదన మర్యాద కోసం వింటున్నట్టు ఉంటుంది ఆ చూపు. అందుకే ఇంట్లో అందరికీ తను జడ్జిగారు.

కొత్త మందు మొదలుపెట్టాక ఆ చూపుకు నిలకడ వచ్చింది. అరటిపండు ఒక చేత్తో, పెరుగు ఒక చేత్తో చూపించి ఆగితే, నింపాదిగా ఆలోచించుకుని ఒకదాని మీద కళ్ళు నిలిపేది. మొదటిసారి అది చూసి మా ఆవిడ పెరుగు గిన్నెతో సహా కూలబడింది.

మందుతో పాటు విరేచనాలూ పట్టుకున్నాయి. నాది లాండ్రీ. పగలు ఊరి బట్టలు, సాయంత్రం జడ్జిగారి దుప్పట్లు. "మీ అంత నమ్మకమైన గిరాకీ నాకింకెవరూ లేరమ్మా" అంటే కిలకిలా నవ్వేది. బరువు మాత్రం తగ్గిపోతోంది. డాక్టరమ్మ మోతాదు తగ్గించి చూసింది. "వచ్చే వారానికీ కుదుటపడకపోతే మందు ఆపేయక తప్పదు" అంది. ఆపితే ఆ చూపు ఏమవుతుందో ఆమె చెప్పలేదు. మాకు అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ ఆదివారం పొద్దున వంటింట్లోనే విచారణ పెట్టాను. జడ్జిగారు చక్రాల కుర్చీలో, మా ఆవిడ పొయ్యి దగ్గర, మాతోనే ఉండే అత్తయ్య పీట మీద.

"పాల వల్లేమో" అన్నాను.

"పాలు మానేసి ఎన్నాళ్ళయింది! మీరే లోకంలో ఉన్నారండీ?" అంది మా ఆవిడ.

"అయితే అరటిపండు."

"అరటిపండు ఆగడానికి పెడతారు, పోవడానికి కాదు."

"నావైపు చూడకండి బాబూ" అంది అత్తయ్య, నేను చూడకముందే. "దీని కడుపు సంగతి నాకు తెలిసినంత ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు."

"సరే, జడ్జిగార్నే అడుగుదాం" అని పాల సీసా, అరటిపండు, మందు సీసా వరసగా ముందు పెట్టాను. "దొంగ ఎవరో తమరే సెలవివ్వండి తల్లీ."

తను మూడింటినీ దాటేసి గోడ అర వైపు చూసింది.

"చాల్లెండి, దిక్కులు చూస్తోంది" అంది మా ఆవిడ.

నేను ఆగాను. తనకు ఏ పనికైనా కాస్త వ్యవధి కావాలి. కళ్ళు అక్కడే ఉన్నాయి. ఇంతలో అత్తయ్య చెంబు కోసం లేచి అరకు అడ్డం వెళ్ళింది. జడ్జిగారు మెల్లగా మెడ వంచి, అమ్మమ్మ పక్కనుంచి అటే చూసింది.

"అమ్మా, కాస్త జరుగు" అని మా ఆవిడ వెళ్ళి, అక్కడున్న గిన్నె మీద మూత తీసింది. నీళ్ళలో ఎండు ద్రాక్ష బుగ్గల్లా ఉబ్బి ఉంది.

"ఇదేంటమ్మా?"

"ఏముంది, ద్రాక్ష నానేసిన నీళ్ళు. పొద్దున్నే కాసిని పడతా. అవి పడకపోతే దీనికి కడుపు కదలదని నీకు తెలీదూ?"

"కడుపు కదిలించే మందులన్నీ ఆపమని కొత్త మందు మొదలెట్టిన రోజే డాక్టరమ్మ చెప్పింది కదమ్మా!"

"ఆపాగా! ఆ తెల్లపొడి నేనే అవతల పారేశా. ఇది మందా? పండు! ఆవిడ ద్రాక్ష పేరెత్తిందా? పోనీ మీరెత్తారా?"

ఎవరమూ ఎత్తలేదు. ఇన్నేళ్ళూ పిల్ల మలబద్ధకంతో అత్తయ్య ఒక్కతే యుద్ధం చేసింది. యుద్ధం ఆగిందని ఆమెకు చెప్పాలని మాకు తట్టనే లేదు.

అత్తయ్య పీట మీద చతికిలబడింది. "నా చేత్తో నేనే..." అంటూ అరచేతులు చూసుకుంది. సరిగ్గా అప్పుడే జడ్జిగారు పకపకా నవ్వింది.

"చూశారా బాబూ! నన్ను పట్టించి ఎలా నవ్వుతోందో, గడుగ్గాయి!"

"పట్టించడమేం కాదు. వేళైంది కదా, తన ద్రాక్ష నీళ్ళు అడుగుతోంది" అంది మా ఆవిడ.

దొంగను పట్టించిందో, తన వాటా అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైనా అది చెప్పడమే.

ఫోన్ చేసి చెబితే డాక్టరమ్మ రెండుసార్లు దగ్గింది. నవ్వు ఆపుకుంటోందనుకుంటాను. "అదీ ఆపేయండి" అంది. నాలుగు రోజుల్లో దుప్పట్లు పొడిగా ఉండసాగాయి. ఆ వారం తూకంలో ముల్లు కిందికి దిగలేదు. కాస్త పైకే జరిగిందని మా ఆవిడ వాదన. డాక్టరమ్మ మందు కొనసాగించమంది.

ఆ సాయంత్రం లాండ్రీలో నా చేతులు ఖాళీ. ఉతకడానికి ఇంటి దుప్పటి ఒక్కటీ లేదు. ఏం చేయాలో తోచక పై అర సర్దుతుంటే అడుగున అత్తయ్య ఊలు శాలువా కనబడింది. నా పెళ్ళైన కొత్తలో ఉతికిపెట్టమని ఇచ్చింది. గిరాకీల పని కానిమ్మని చెప్పి చెప్పి, మరిచిపోయాను. ఆమె మాత్రం "మా అల్లుడి కొట్టుకు పునాదిలో వేసింది నా శాలువానే, ఇంక బయటికి రాదు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

చన్నీళ్ళలో చేత్తోనే ఉతికి, నీడన ఆరేసి, మర్నాడు తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేశాను. తెచ్చి ఒళ్ళో పెట్టాను. అత్తయ్య వాసన చూసింది, వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది.

"అంచు దగ్గర ఇస్త్రీ సరిగ్గా పడలేదు బాబూ" అంటూ భుజాల మీదుగా కప్పుకుంది.