దారం వంగిన చోటు

మా తమ్ముడి జీపు చక్రాలు మడ్‌గార్డు దాటి బెత్తెడు బయటికి ఉండేవి. కొండల్లో, బురదల్లో తిరగడానికని పెద్ద టైర్లు వేయించాడు. అవి చాలక, స్పేసర్లని లోపల ఇనప బిళ్లలు పెట్టించి చక్రాల్ని ఇంకాస్త బయటికి తోయించాడు. టైర్ల కొట్టు నాదే. నేను చస్తే వేయనన్నానని ఇంకెక్కడో వేయించుకొచ్చి, నా కొట్టు ముందే జీపు నిలబెట్టి మీసం మెలేశాడు. వాడు కొండ ఎక్కింది ఒక్కసారి. మిగతా రోజులన్నీ ఆ జీపు కూరగాయలకి వెళ్లొచ్చేది.

టైరు బండి ఒంటిని దాటి బయటికి ఉంటే రోడ్డెక్కకూడదని రూలు. పోలీసులు ఆపి, ఫిట్‌నెస్ పరీక్ష పాసై రాకపోతే జీపు లాక్కుపోతామన్నారు. అప్పుడు గుర్తొచ్చింది వాడికి అక్క.

"నీ దగ్గర ఆ అరువు సెట్టు ఉంది కదక్కా. ఒక్క పూటకి ఇవ్వు."

నా కొట్టులో ఓ మూల మామూలు సైజువి నాలుగు కంపెనీ చక్రాలు ఉంటాయి. ఊళ్లో సగం జీపులు వాటి మీదే పరీక్ష పాసవుతాయి. ఇంటర్వ్యూకి అరువు చొక్కా తొడుక్కెళ్లినట్టు పొద్దున బిగించుకుని వెళ్తారు, మధ్యాహ్నం విప్పిచ్చేసి పెద్దవి తగిలించుకుని పోతారు. అందరూ చేసేదే కదా అని నేనూ ఇచ్చేదాన్ని. వాడికీ తిడుతూనే బిగించి, పక్కన కూర్చుని వెళ్లాను.

పరీక్ష చేసే ఆఫీసర్ని అందరం దారం సారు అంటాం. టేపుని నమ్మడాయన. చిన్న అయస్కాంతానికి దారం కట్టి, కొసన ఓ నట్టు వేలాడదీసి, మడ్‌గార్డు అంచుకి అతికిస్తాడు. దారం తిన్నగా దిగితే పాస్. టైరుకి తగిలి వంగితే ఫెయిల్.

కుడి వైపు రెండు చోట్లా తిన్నగా దిగింది. ఎడమ వెనక కూడా అంతే. ఎడమ ముందు చక్రం దగ్గర దారం వంగింది.

టైరు ఎక్కడో లోపలుంది. దారం మాత్రం దేనికో ఆనుకున్నట్టు బెత్తెడు బయటికి ఉబ్బి, అక్కణ్ణించి కిందికి దిగింది. గాలి లేదు, నట్టు కదలడం లేదు. ఆయన దారానికీ టైరుకీ మధ్య ఖాళీలోకి చెయ్యి పెట్టి వెంటనే లాక్కున్నాడు. వేళ్లు నల్లగా ఉన్నాయి. ఏళ్ల తరబడి నా గోళ్లలో ఉన్న టైరు నలుపది, నాకు తెలీదా.

"పెద్దవి ఎక్కడున్నాయి?" అన్నాడు మెల్లగా.

"కొట్టులో సార్." అబద్ధం నోటికి రాలేదు.

"కనిపించే చక్రాన్ని ఫెయిల్ చేయలేను. కనిపించనిదాన్ని ఏమని రాయను?" పాస్ అని ముద్ర కొట్టి, దారం తీసి నా చేతిలో పెట్టాడు. "ఈ రూలు బండి కోసం కాదమ్మా, పక్కన నడిచేవాళ్ల కోసం. ఈ పక్కన ఎవరు నడుస్తారో చూసుకోండి."

దారి పొడుగునా తమ్ముడు ఒకటే నవ్వు. "ముసలాయన చేతులు ఎక్కడ పెట్టాడో ఏమో, అది కూడా మన నెత్తిన రుద్దుతాడు."

కొట్టు పక్క సందులోకి జీపుని వెనక్కి పెట్టి, ఎప్పటిలాగే ఎడమ వైపు గోడ పక్కన ఆపాడు. ముందు చక్రం దాటగానే మెట్లు. పైన వాడి కాపురం.

"ఇంక పెద్దవి తగిలించక్కా."

"తగిలించను. అలిగినా సరే, అన్నం మానేసినా సరే."

"ఊరందరికీ తగిలిస్తావు. సొంత తమ్ముడికా రూల్సు?"

వాడన్నది నిజమే. స్పానరు గిరాటేశాను.

అప్పుడే వాడి కూతురు బడి నుంచి వచ్చింది. చిట్టెలుక అంటాం దాన్ని. అరువు చక్రాల పుణ్యమా అని సందు ఇప్పుడు వెడల్పుగానే ఉంది. అయినా అది ముందు చక్రం దగ్గరికి రాగానే సంచీ నెత్తిన పెట్టుకుని, వీపు గోడకి ఆనించి, కడుపు లోపలికి పీల్చి, అడ్డంగా జరుగుతూ నడిచింది.

"ఎందుకే అలా?" అన్నాను.

"చక్రం తగులుతుంది కదత్తా. రోజూ తగులుతుంది."

"ఇవాళ లేదు కదే, చూడు."

అది చూసింది. "ఉంది," అంది.

దాని తెల్ల చొక్కా మీద టైరు గళ్లు నల్లగా అచ్చుపడి ఉన్నాయి. రోజూ ఈ మురికి ఎక్కడ అంటించుకొస్తావని వాళ్లమ్మ కేకలేస్తుంటే ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. ఒక్కరం కూడా సందులోకి వచ్చి చూడలేదు.

తమ్ముడు నా చేతిలో దారం లాక్కుని మడ్‌గార్డుకి తనే అతికించాడు. అది వంగింది. కూతురి చొక్కా తుడవబోయాడు, వాడి అరచెయ్యి నల్లబడింది. పిల్లని పైకి పంపి, కొట్టులోకి వెళ్లి కటింగ్ మిషను తీసుకుని పెద్ద టైర్లని ముక్కలు చేయడం మొదలుపెట్టాడు. ఎంత ముద్దుగా కడుక్కునేవాడో వాటిని. నాకు జాలి వేయలేదు, భయం మాత్రం వేసింది.

ఆఖరిది తెగుతుండగా సందులో టిక్కుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే దారం తిన్నగా వేలాడుతోంది. నట్టు ఇంకా ఊగుతూనే ఉంది.

అరువు సెట్టు ఇంక వాడి జీపుకే ఉండిపోతుంది. వేరేవాళ్లకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, అదీ మంచిదే.

వాడు చేతులు కడుక్కుని కూతుర్ని కిందికి పిలిచాడు. "రా తల్లీ. ఇంక ఏమీ లేదు. ఒక్కసారి నడువు, నాన్న చూస్తాడు."

అది ఉతికిన గౌను వేసుకుని దిగొచ్చింది. చక్రం దగ్గర ఆగింది. వీపు గోడకి ఆనించి, కడుపు పీల్చి, అడ్డంగా జరిగింది. గౌను మీద చుక్క మరక పడలేదు.

"ఇంక లేదమ్మా," అన్నాడు వాడు.

"తెలుసు నాన్నా," అంది అది, గోడని వదలకుండానే.