నాన్నకి నచ్చని మడత ఫోన్లు

కుళాయికి వాషర్ కొనాలి, అమ్మ కళ్లజోడు తేవాలి, నాన్నకి మడత ఫోన్ ఇప్పించి మూడింటికల్లా ఆఫీసులో పడాలి, కానీ ఈ మనిషి గంట నుంచి ఏదీ తేల్చడే, ఇస్త్రీపెట్టె పట్టీ పట్టీ వేళ్లు అరిగిపోయాయమ్మా, టచ్ ఫోన్ నా మాట వినట్లేదు అన్నది తనే, పాపం నిజమే కాబోలు అని ఆ ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ చదివిన కూతురు నాలుగు రకాల గురించీ పరీక్షకి చదివినట్టు చదివి వచ్చింది, నల్లదానికి అంకెలు లావు, మూత తెరిస్తే చాలు మాట్లాడొచ్చు, ఎర్రదానికి పచ్చ మీట నొక్కాలి గానీ ఛార్జింగ్ వారం ఆగుతుంది, వెండిరంగుదానికి పైన కూడా చిన్న తెర, ఫోన్ చేసిందెవరో మూత తీయకుండానే తెలుస్తుంది, నీలందానికి వెనకాల ఆపద మీట, నొక్కితే నేరుగా కూతురికే మోగుతుంది,

ఏం లాభం, నల్లది బిగుతు, ఎర్రది జారుతోంది, వెండిది ఆడపిల్లల అద్దంలా ఉంది, అంటూ ఒక్కోదాన్నీ ఎడంచేత్తో గడ్డం కింద నొక్కిపట్టి బొటనవేలితో పెకలిస్తున్నాడు, నాన్నా అది ఫోను, డబ్బా మూత కాదు, రెండు చేతులతో తియ్యొచ్చుగా, తీస్తాలేవే, తొందరేంటి నీకు, మధ్యలో దుకాణదారు నవ్వు బిగబట్టి, పెద్దాయనా కెమెరా చూశారా, కెమెరా ఎవడిక్కావాలయ్యా బాబూ, అనుకుంది ఆమె, పోయిన వారం ఇస్త్రీ కొట్లో కళ్లు తిరిగి పడి, పక్క కొట్టు దర్జీ వచ్చి లేపేదాకా ఎవరికీ ఫోన్ చేయలేకపోయిన మనిషి ఈయన, ఒంటరిగా మళ్లీ పడితే ఎలా, అందుకే నీలందే ఖాయం, ఇదిగో పట్టుకో, కుడిచేత్తో నాన్నా, కుడిచేత్తో అన్నాను, ఆ చెయ్యి జేబులోంచి తీస్తే సొమ్మేం పోయింది,

ఆయన చెయ్యి తీయలేదు, ఆమే ఆయన మణికట్టు పట్టి లాగి ఫోన్ అరచేతిలో పెట్టింది, వేళ్లు మూసుకోలేదు, ఫోన్ జారి బల్ల మీద పడింది, ఎప్పట్నించి నాన్నా, పడ్డప్పట్నించేనే, అమ్మకి చెప్పకు, అదే సర్దుకుంటుంది, మరి కొట్లో ఇస్త్రీ, ఎడమ చెయ్యి ఉందిగా, తప్పు నల్లదానిదీ కాదు నీలందానిదీ కాదు, వేళ్లు అరగనూ లేదు, ఆస్పత్రిలో ఉండాల్సిన మనిషిని తను ఫోన్ల ముందు నిలబెట్టి కసురుతోంది, పద నాన్నా, ఏ ఫోనూ వద్దు, ముందు డాక్టరు.

ఇంట్లో పెద్దవాళ్లు ఏది చూపించినా వంకలు పెట్టి మీ ఓపిక తినేసిన రోజున, చదువుతున్న మీరు, చెయ్యి జేబులో దాచుకుని నిలబడ్డ ఈ ఇస్త్రీ మనిషిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.